ఒక్క గిజిగాడి కథతో వారం రోజుల చదువు ఎలా చెప్పాలి

సార్వా (వానాకాలపు వరి) నాట్లు పడి చేలు పచ్చబడేసరికి కాలవ గట్ల మీది తాటిచెట్లకు గిజిగాడి గూళ్ళు వేలాడటం మొదలవుతుంది. గోదావరి డెల్టాలో ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పేవాళ్ళకి, అంగన్‌వాడీ టీచర్లకి, సాయంత్రం పూట మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే అమ్మమ్మలకి ఇదే మంచి అదను. తెలుగు, లెక్కలు, పరిసరాలు, చేతిపని, మాట్లాడటం అన్నీ ఆ గూటి చుట్టూ తిప్పొచ్చు. బజారులో కొనాల్సింది ఏమీ లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క నియమం పెట్టుకోండి. కథ మీద పాఠాన్ని అతికించకండి. "గిజిగాడి దగ్గర అయిదు మామిడిపళ్ళున్నాయి, రెండు తిన్నాడు, ఎన్ని మిగిలాయి?" అని అడిగితే పిల్లలు మూడని చెప్పేస్తారు. కానీ అక్కడితో కథ ఆగిపోయింది, వాళ్ళకీ తెలుసు. గిజిగాడికి మామిడిపళ్ళతో పని లేదు. వాడికి కావలసినవి పోచలు. పోచ ఎంత పొడుగుండాలి, ఎన్నిసార్లు చేలోకి వెళ్ళాలి, చెట్టుకి ఎటువైపు కట్టాలి అన్నవి వాడి ఇబ్బందులు. వాడికి సాయం చేయడానికి పిల్లలు కొలవాలి, లెక్కపెట్టాలి, దిక్కులు నేర్చుకోవాలి. అందుకే పిట్ట నిజంగా ఏం చేస్తుందో ముందు మీకు బాగా తెలియాలి.

ముందుగా మీరు తెలుసుకోవలసింది

గూడు కట్టేది మగపిట్ట. వానల కాలంలో వాడి తల పసుపు రంగుకి తిరుగుతుంది. ఆడపిట్ట చూడటానికి పిచ్చుకలాగే ఉంటుంది. వాడు వరి ఆకు అంచునో తాటాకు అంచునో ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతాడు, ఆ ఊపుకి సన్నటి పోచ చీలి వస్తుంది. పోచలు 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. ఒక గూడు పూర్తి కావాలంటే 500 సార్ల దాకా వెళ్ళి రావాలి. సగం అయ్యాక గూడు హెల్మెట్ ఆకారంలో ఉంటుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి చూస్తాయి. ఒకటి ఒప్పుకుంటేనే మిగతా గది, కిందికి దిగే పొడుగాటి గొట్టం కడతాడు. గుడ్లు రెండు నుంచి నాలుగు. పొదిగేది తల్లి ఒక్కతే, దానికి రెండు వారాల పైన పడుతుంది. ఈలోగా మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడతాడు.

మన దేశంలో పక్షుల గురించి జీవితమంతా శ్రమించిన సాలిం అలీ, మహారాష్ట్ర తీరంలోని కిహిం అనే ఊళ్ళో రోజుల తరబడి కూర్చుని గూళ్ళను గమనించి ఈ సంగతులు రాసుకున్నారు. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఒక పెద్దమనిషి పిట్టను చూడటమే పనిగా పెట్టుకున్నాడంటే వాళ్ళకి భలే ఆశ్చర్యం, తామూ చూడొచ్చన్న ధైర్యం కూడా.

మొదటి రోజు: కథ చెప్పండి, ఇంకేమీ వద్దు

నేను చెప్పే కథ ఇది. మీ ఊరి చెట్టు పేరు, కాలవ పేరు పెట్టుకుని చెప్పుకోండి.

అనగనగా ఒక కాలవ. కాలవ గట్టు మీద ఒక తాటిచెట్టు. ఆ చెట్టు మీదికి ఒక గిజిగాడు వచ్చాడు. వాడికి ఇల్లు లేదు. ఎలా కట్టుకోవాలో అడుగుదామని బయల్దేరాడు.

చేలగట్టు మీద పీత కనిపించింది. "పీతత్తా, పీతత్తా, నీ ఇల్లెక్కడ?" అన్నాడు. "ఇదిగో, గట్టులో బొరియ తవ్వుకున్నాను. రా, చూడు" అంది పీత. గిజిగాడు తల లోపలికి పెట్టాడు. చీకటి. తడి. "బాగుంది అత్తా. నాకు మాత్రం గాలి తగలాలి" అని ఎగిరిపోయాడు.

బోదెలో నత్త కనిపించింది. "నత్తమామా, నత్తమామా, నీ ఇల్లెక్కడ?" "నా వీపు మీదే ఉంది కదరా." "బాగుంది మామా. నేను మాత్రం మోసుకుని ఎగరలేను" అని వెళ్ళిపోయాడు.

కొబ్బరిచెట్టు మీద కాకి కనిపించింది. "కాకక్కా, కాకక్కా, నీ ఇల్లెక్కడ?" "ఇదిగో, పుల్లలు పేర్చుకున్నాను." గిజిగాడు ఒక పుల్ల ఎత్తబోయాడు. లేవలేదు. "బాగుంది అక్కా. నా ముక్కుకి మెత్తటిది కావాలి" అన్నాడు.

చివరికి వరిచేలో వాలాడు. పొడుగాటి ఆకు అంచు కొరికి పట్టుకుని ఎగిరాడు. సర్ర్ర్... పోచ వచ్చేసింది! తెచ్చి చెట్టుకి ముడివేశాడు. మళ్ళీ వెళ్ళాడు. "పోచ తెచ్చా, ముడి వేశా, ఇంకా ఎన్ని కావాలో!" మళ్ళీ వెళ్ళాడు. "పోచ తెచ్చా, ముడి వేశా, ఇంకా ఎన్ని కావాలో!"

చెట్టుకి పడమర వైపు కట్టాడు. ఆ రాత్రి పడమటి గాలి కొట్టింది. తెల్లారి చూస్తే గూడు కాలవలో తేలుతోంది. గిజిగాడు చెట్టు చుట్టూ తిరిగాడు. తూర్పు వైపు గాలి తక్కువగా ఉంది. అక్కడ మళ్ళీ మొదటి పోచ ముడివేశాడు.

సగం అయ్యేసరికి గిజ్జమ్మ వచ్చింది. పోచ పీకి చూసింది. ఊపి చూసింది. లోపల కూర్చుని చూసింది. "గట్టిగానే ఉంది. ఇక్కడే గుడ్లు పెడతాను" అంది. గిజిగాడు గుడ్లకు గది కట్టాడు, దిగడానికి గొట్టం కట్టాడు. వాన వచ్చింది. గాలి వచ్చింది. గూడు ఊగింది, ఊగింది, ఊగింది. పడలేదు.

అక్కడ ఆపేయండి. "అమ్మా నాన్నా పిల్లలూ కలిసి హాయిగా ఉన్నారు" అని మాత్రం ముగించకండి. పిట్టల సంగతిలో అది నిజం కాదు. తరగతిలో అందరి ఇళ్ళ సంగతిలోనూ నిజం కాదు, దాని గురించి తర్వాత చెబుతాను.

కథ పుస్తకం చూసి చదవద్దు, పిల్లల మొహాలు చూస్తూ చెప్పండి. "పోచ తెచ్చా, ముడి వేశా" అన్నది రెండోసారికే పిల్లలు అందుకుంటారు. గూడు కాలవలో తేలుతోంది అన్నాక కాస్త ఆగండి. ఏం చేయాలో వాళ్ళే చెబుతారు, చెప్పనివ్వండి. మొదటి రోజు ప్రశ్నలు, పలకలు ఏమీ వద్దు. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పండి.

రెండో రోజు: గ గుణింతం

కథలో మాటల్ని బోర్డు మీదికి తెస్తే గుణింతం దాదాపుగా దానంతటదే నిలబడుతుంది. గట్టు, గాలి, గిజిగాడు, గుడ్డు, గూడు, గొట్టం కథలోనే ఉన్నాయి. "గీ" కోసం పిట్ట వీపు మీది గీతలు. "గె"కి కొబ్బరి గెల, "గే"కి గట్టు మీద మేసే గేదె, "గో"కి గోదావరి, "గౌ"కి గౌతమి. రెండో తరగతి వాళ్ళకి గృహం కూడా రాయండి. "గై"కి ఈ కథలోంచి మాట దొరకదు. బలవంతంగా వెతక్కుండా ఆ గడి ఖాళీగా ఉంచండి, పెద్దయ్యాక వాళ్ళే నింపుకుంటారు.

తర్వాత ఇళ్ళ పేర్లు. పీత బొరియ, ఎలుక కన్నం, చీమల పుట్ట, తేనెపట్టు, కోళ్ళ గంప, గొడ్లసావిడి. "నాకు పేరు తెలియని ఇల్లు మీ ఇంటి చుట్టుపక్కల ఏదైనా ఉందా?" అని అడగండి. కందిరీగ గోడకి మట్టితో కట్టే గది దగ్గర నుంచి ఏవేవో తెస్తారు. ఎవరో ఒకరు కోయిల ఇల్లు ఏదని అడుగుతారు. కోయిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్లు పెట్టిపోతుంది. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి, కోయిలను తిట్టే పని పెట్టుకోవద్దు.

ఒక్కొక్కరితో ఒక్కో వాక్యం రాయించండి, లేదా వాళ్ళు చెబితే మీరు రాయండి. "పీత ఇల్లు బొరియ." కింద బొమ్మ. అన్నీ దారంతో కుడితే తరగతి పుస్తకం తయారు. పిల్లలు మొదట చదివేది తమ పేజీయే.

మూడో రోజు నుంచి: పోచల లెక్క

ఇక్కడ తొందరపడకండి. ప్రతి పిల్లకీ ఒక వరి పోచ ఇచ్చి, కుర్చీ కోడుకి ముడివేయమనండి. ఆవలి బెంచీ వాళ్ళకి కావాలనే పొట్టివి ఇవ్వండి. ముడి పడదు. "ఎందుకు పడలేదు?" అంటే పొట్టిదని వాళ్ళే అంటారు. అయితే ఎంత ఉండాలి? బెత్తెడా, జానెడా, మూరెడా? చేతులతో కొలుస్తారు. ఒకడు జానెడు చాలంటాడు, ఇంకొకడు జానెడు చాలదంటాడు. ఇద్దరి జానలూ పక్కపక్కన పెట్టించి చూపించండి. స్కేలు ఎందుకు కావాలో ఆ ఇద్దరికీ అప్పుడు అర్థమవుతుంది. నిర్వచనం రాయిస్తే ఆ అర్థం రాదు.

తర్వాత 500. చిన్నపిల్లలకు 500 అంటే నోటితో అనే మాటే తప్ప ఎంతో తెలియదు. కొబ్బరి ఈనెలు కావాలి, కోనసీమలో వాటికి కొదవ లేదు. ఒక్కో ఈనె గిజిగాడు చేలోకి వెళ్ళి వచ్చిన ఒక్కసారి. తరగతిలో 20 మంది ఉంటే రోజుకి తలా 5 ఈనెలు తెస్తే 100 అవుతాయి. పదేసి కట్టలు కట్టించండి. రోజూ "ఇవాళ్టికి ఎన్నిసార్లు వెళ్ళాడు?" అని బోర్డు మీద రాయించండి. ఈనెలు తేవడం మొదలుపెట్టిన అయిదో రోజుకి 50 కట్టలు నేల మీద వరుసగా పరుచుకుంటాయి. వరుస ఈ గోడ నుంచి ఆ గోడకి చేరుతుందా లేదా అని పందెం కాసుకుంటారు. పదుల స్థానం, ఒకట్ల స్థానం ఆ కట్టలు విప్పుతూ కడుతూ ఉంటే వచ్చేస్తాయి. లంక గ్రామాల్లో చాలాచోట్ల అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి కదా, మూడు నుంచి అయిదు తరగతుల వాళ్ళకి అదే కట్టలతో గుణకారం ఇవ్వండి. మీ తరగతిలో 20 మంది లేకపోతే ఒక్కొక్కరు ఎన్ని తేవాలో లెక్కకట్టే పని కూడా పెద్దవాళ్ళదే.

కూడికకి గుడ్లు ఉన్నాయి. ఒక గూట్లో మామూలుగా రెండుకి తక్కువ, నాలుగుకి ఎక్కువ ఉండవు. రెండు గూళ్ళలో కలిపి ఆరు గుడ్లుంటే ఎలా ఉండొచ్చు? రెండూ నాలుగు, మూడూ మూడు, నాలుగూ రెండు. "అయిదూ ఒకటి" అన్న పిల్లకి పక్కపిల్లే "ఉండవు కదా" అని చెబుతుంది.

చెట్టు దగ్గరికి

జులై, ఆగస్టుల్లో కాలవలు నిండుగా పారుతుంటాయి. అందుకని గట్టు మీదికి కాదు, రోడ్డుకి ఇవతల వైపు నిలబెట్టి చూపించండి. పొడుగాటి తాడుకి ముళ్ళువేసి, ముడికి ఒకరు చొప్పున పట్టుకోమనండి. ఊళ్ళోంచి కనీసం ఇద్దరు పెద్దవాళ్ళని రమ్మనండి. గూళ్ళు కరెంటు తీగలకు ఉంటే దూరంగానే ఆగండి. రాయి విసరకూడదు, గూడు కోయకూడదు, లోపల పిల్లలుంటాయి.

పొద్దున ఎండ ఏటవాలుగా ఉండగానే వెళ్ళండి. సూర్యుడు ఉన్న వైపు తూర్పు, నీడ పడిన వైపు పడమర. మూడే ప్రశ్నలు పెట్టండి. గూళ్ళు ఎన్ని? ఎటువైపు ఎక్కువ? సగం కట్టినవి ఏవి? వానాకాలపు గాలి మనకి నైరుతి, పడమర వైపు నుంచి వస్తుంది కాబట్టి గూళ్ళు తూర్పు వైపే ఎక్కువగా ఉంటాయి. మీ చెట్టుకి వేరేగా ఉంటే వేరేగానే రాసుకోమనండి. కథలో చెప్పినట్టు లేదని పిల్లలు అంటే చాలా సంతోషించాల్సిన విషయం అది. పక్కన ఏదైనా ఇల్లు అడ్డు ఉందేమో, ఆకులు ఎటు వంగాయో వెతకనివ్వండి.

కాసేపు మాట్లాడకుండా నిలబడితే గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టుకునే మగపిట్టలు కనిపిస్తాయి. అరుపులు పెరిగాయంటే ఆడపిట్ట గూడు చూడటానికి వచ్చిందని చెప్పండి.

తిరిగి వచ్చాక "పోచ ఎక్కడిది?" అని వెనక్కి అడుగుతూ పొండి. పోచ వరిది, వరి చేలోది, చేలో నీళ్ళు బోదెవి, బోదెకి కాలవ నుంచి, కాలవకి ధవళేశ్వరం నుంచి. అక్కడ 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టించాడని పెద్దపిల్లలకు చెప్పండి. నేల మీద సుద్దతో కాలవ గీసి, మీ ఊరు ఎక్కడుందో చుక్క పెట్టిస్తే అదే వాళ్ళ మొదటి పటం.

ముడి వేయడం, అల్లడం

ముందు బొటనవేలు, చూపుడువేలు మాత్రమే వాడి ముడి వేయమనండి. పిట్టకి చేతులు లేవు, ముక్కే ఉంది. ఆ ముడి పడటానికి ఎంతసేపు పడుతుందో చూశాక పిల్లలు గూటి వైపు చూసే చూపు మారుతుంది. తర్వాత కొబ్బరాకు తడక అల్లే పెద్దావిడనో తాతగారినో బడికి పిలవండి. "మామ్మగారండీ, మా పిల్లలకి ఒక్క గంట చూపిస్తారా?" అంటే కాదనేవాళ్ళు డెల్టాలో ఉండరు. వాళ్ళు మాట్లాడే మాటలు బోర్డు మీద రాయండి. పిల్లల మొదటి అల్లికలు వదులుగా వస్తాయి. కొత్తగా కట్టే మగ గిజిగాళ్ళ గూళ్ళూ అలాగే ఉంటాయి. మీరు సరిచేయకుండా అలాగే గోడకి కట్టండి.

మన ఇల్లు

వారంలో అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది ఇదే. "మీ ఇంటి బొమ్మ గీయండి" అనగానే ఎవరిది డాబా, ఎవరిది తాటాకిల్లు అన్నది బయటపడుతుంది. "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అంటే తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనికి వెళ్ళిన పిల్ల తలొంచుకుంటుంది. మన జిల్లాల్లో ఆ పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరుగుతుంటారు.

అందుకని ప్రశ్న మార్చండి. "ఇంట్లో నీకు ఇష్టమైన చోటు ఏది? అక్కడ ఏం వినిపిస్తుంది?" మా తరగతిలో ఒక పాప కాగితమంతా ఖాళీగా వదిలి, ఒక మూల నులకమంచం, దాని కింద తను, పక్కన కోడిపెట్ట గీసింది. మంచం పైన ఎవరని అడిగితే "మామ్మ పడుకుందండీ, గుర్రు వినపడతాదండి" అంది. ఇల్లంటే ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

గిజిగాడి నిజం ఇక్కడ మీకు అండగా ఉంటుంది. గూడు కట్టింది ఒకరు, పొదిగింది ఒకరు. పీత ఒంటరిగా ఉంటుంది. కాకి వేరేవాళ్ళ పిల్లని కూడా మేపుతుంది. ఇన్ని రకాల ఇళ్ళు చూసిన పిల్లలు ఎదుటివాళ్ళ ఇంటిని వింతగా చూడరు. మీరు "అమ్మ ఊళ్ళో లేకపోయినా పరవాలేదు" లాంటి ఓదార్పులు పెట్టకండి. పిల్ల చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి.

లంకల్లో వరద మాట తప్పదు. 1986 ఆగస్టు వరద తాతలకు గుర్తుంటుంది, 2022 జులై వరద పిల్లలున్న ఇళ్ళల్లోనే అందరికీ గుర్తుంది. ఏటిగట్టు మీదికి వెళ్ళినప్పుడు ముందు ఏం పట్టుకెళ్ళారో ఇంట్లో అడిగి రమ్మనండి. దూడ, రేషన్ కార్డు, బియ్యం బస్తా, ఫోటో. జాబితా రాయించండి. గూడు కాలవలో కొట్టుకుపోయిన చోటు కథలో మళ్ళీ చెప్పమని ఆ రోజు వాళ్ళే అడుగుతారు. ఎవరైనా భయపడుతున్నట్టు కనిపిస్తే జాబితా ఆపి అల్లికలోకి వెళ్ళిపోండి.

రైతు, గిజిగాడు మాట్లాడుకోవాలి

గిజిగాడు వరిగింజలు తింటాడు. తన పిల్లలకు పురుగులు పెడతాడు. రైతు తిట్టడానికీ, ఓర్చుకోవడానికీ రెండింటికీ కారణం ఉంది. ఇద్దరు పిల్లలు రైతు, గిజిగాడు అవుతారు. "ఆయ్, మీ గింజలు తిన్నమాట నిజమేనండి" అని గిజిగాడు మొదలుపెట్టాలి. మిగతాది వాళ్ళిష్టం. తీర్పు మీరు చెప్పకండి. చూరుకి వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలకు పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది కదా, ఆ సంగతి ఎవరైనా ఎత్తుతారేమో చూడండి.

పరీక్ష పెట్టకండి. ఒక నోటుపుస్తకంలో పిల్లకో పేజీ ఉంచి, ఆ వారంలో ఆ పిల్ల తనంతట తాను చేసింది ఒక్కటి రాసుకోండి. ఎవరు పదులు కట్టగలిగారు, ఎవరు కథ తిరిగి చెప్పారు, ఎప్పుడూ మాట్లాడని పిల్ల రైతుగా ఏం మాట్లాడింది. ఖాళీగా మిగిలిన పేజీలు ఎవరివో వాళ్ళ పక్కన మీరు ఎక్కువ కూర్చోవాలి.

మీ ఊళ్ళో గూళ్ళు లేకపోతే

తాటిచెట్లు తగ్గిన ఊళ్ళు, చేలన్నీ రొయ్యల చెరువులైన ఊళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అక్కడ పీతనో కందిరీగనో కథానాయకుడిని చేసి ఇదే పద్ధతిలో వెళ్ళండి. అంతర్వేది వైపు తీరం ఊళ్ళల్లో సముద్రపు తాబేలు ఉంది. ఒడ్డుకి వచ్చి గొయ్యి తవ్వి ఒక్కసారికి సుమారు వంద గుడ్లు పెడుతుంది, లెక్కలకి బంగారం. అయితే తల్లి తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, తిరిగి రాదు. తల్లి దూరాన ఉన్న పిల్లలు తరగతిలో ఉంటే ఆ కథని తల్లి వైపు నుంచి చెప్పకండి. ఇసుకలోంచి బయటపడి సముద్రం వైపు నడిచే పిల్ల తాబేలు వైపు నుంచి చెప్పండి.

డిసెంబరులో పడిన గూడు

కోతల తర్వాత గాలికి రాలిపోయిన పాత గూడు ఒకటి ఏరి తెచ్చి ఎండలో బాగా ఆరబెట్టండి, పురుగులేమైనా ఉంటే పోతాయి. ఈపాటికి ఏ తాతగారో పిల్లలకు చెప్పే ఉంటారు, గిజిగాడు మిణుగురు పురుగుని తెచ్చి గూట్లో మట్టికి అంటించి దీపం పెట్టుకుంటాడని. తాతగారి మాట కాదనకండి, "చూద్దాం" అనండి. గూడు కోసి చూస్తే లోపలి గోడకి అంటించిన మట్టి ముద్దలు కనిపిస్తాయి. ఎందుకు పెట్టాడో తలా ఒక కారణం చెప్పనివ్వండి, అన్నీ బోర్డు మీద రాయండి. గొట్టం పొడుగు ముందు జానలతో, తర్వాత స్కేలుతో కొలవండి. ఆపైన నలుగురేసి కూర్చుని పోచలు ఒక్కొక్కటిగా విప్పి, పదేసి కట్టలు కట్టి లెక్కపెట్టండి. విప్పడానికే రెండు పూటలు పడుతుంది. చేతులు సబ్బుతో కడిగించడం మరిచిపోవద్దు.